భిన్నములు రాని బిడ్డకు విజయసూత్రములు

జిల్లా గ్రంథాలయ సంస్థలలో పుస్తకముల ఎంపిక భారము వహించిన పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి, విశ్రాంతి పొందిన పిమ్మట ఆ పిల్లల సందడి లేక ప్రొద్దు పోక, దినమునకు రెండు గంటలు మా యూరి శాఖా గ్రంథాలయములో కూర్చుండి పత్రికలు తిరగవేయుచు కాలక్షేపము చేయు పాతకాలపు పండితుడను నేను. నా వ్రాత పాతవాసన కొట్టినచో మన్నింపుడు. చేయి తిరిగినది ఈ బాటలోనే. మీకు విడివిడిగా ఉత్తరములు వ్రాయక ఇట్లు బహిరంగముగా వ్రాయుటకు కారణమేమనగా, నేను చెప్పబోవునది ఏ ఒక్క సంఘమువారి పొరపాటును కాదు. పాఠశాల వార్షికోత్సవములో బహుమతులు పంచువారును, మేనల్లుని పుట్టినరోజునకు కానుక కొను మేనమామయు, గ్రంథాలయమునకు ఏటేట పుస్తకముల జాబితా తయారుచేయు మీరును, అందరమును సద్బుద్ధితోనే కలసి చేయుచున్న పని అది.

మా గ్రంథాలయమున బాలల విభాగమని పేరు గల బీరువా ఒకటి కలదు. ఈ నడుమ దాని తలుపులు తెరచి తీరికగా చూచితిని. కథల పుస్తకములు ఉండవలసిన అరలలో సగమునకు పైగా ఆక్రమించుకొని ఉన్నవి గెలుపును గూర్చిన పుస్తకములు. జ్ఞాపకశక్తికి ఇన్ని సూత్రములు, ఆత్మవిశ్వాసమునకు ఇన్ని దినములు, ధనవంతుల అలవాట్లు ఇన్ని. అట్టల మీద కొండకొమ్మున చేతులు చాచి నిలిచిన మనుష్యుడో, నిచ్చెనయో, ఉదయభానుడో. పెద్దల విభాగములో ఈ జాతి పుస్తకములకు ఉచితస్థానము కలదని నేను ఎరుగుదును. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘విజయానికి ఐదు మెట్లు’ వంటి గ్రంథములను చదివి నాలుగు మంచి మాటలు పట్టుకొన్న యువకులు నా పాత శిష్యులలోనే పలువురు కలరు. నా సందేహమంతయు ఆ బీరువా మారుటను గూర్చియే: పెద్దల బీరువాలో ఉండవలసినది పిల్లల బీరువాలోనికి ఎట్లు వచ్చినది, వచ్చి అక్కడ ఏమి చేయుచున్నది?

ఆ బీరువా ప్రక్కనే గచ్చు మీద చతికిలబడి, ఏడవ తరగతి చదువుచున్న అమ్మాయి ఒకతె అట్టి పుస్తకము నొకదానిని ఒడిలో పెట్టుకొని, నోటుపుస్తకములో దీక్షగా ఏదో వ్రాసికొనుచుండెను. మా వీధి పిల్లయే. ఏమి వ్రాయుచుంటివో చూపుమని అడిగి చూచితిని గదా, పుటకు ఎడమవైపున తేదీలు, వాని కెదురుగా ‘నేను గెలుస్తాను’ అను వాక్యము పదేసి మారులు, కడపటి గడిలో ఒక టిక్కు. 21 దినములు ఎడతెగక ఇట్లు వ్రాసినచో మనస్సు మారునని ఆ పుస్తకము చెప్పినదట. తొమ్మిదవ దినమున టిక్కునకు మారుగా ఎఱ్ఱసిరాతో ఇంటూ గుర్తు. దాని ప్రక్కన, ఎవరికిని కనబడగూడదన్నట్లు చీమతలకాయలంత అక్షరములతో, ‘పట్టుదల లేదు’. ఆనాడు లెక్కల పరీక్ష కాగితములు ఇచ్చిరట. 25కు ఆమెకు వచ్చినవి 6.

ఆ కాగితమేదని అడిగితిని. సంచి అడుగున నాలుగు మడతలు పెట్టి దాచినదానిని వెలికి తీసెను. మొదటి లెక్కలో సగమునకు మూడవ వంతు కూడవలెను. ఆ బిడ్డ పైనున్న లవములు రెండింటిని కూడి రెండు, క్రిందనున్న హారములు రెండింటిని కూడి అయిదు వేసి, రెండు అయిదవ వంతులని జవాబు వ్రాసినది. తక్కిన లెక్కలలోను పెక్కు అదే త్రోవన నడచి అదే గుంటలో పడినవి. ఉపాధ్యాయుడు ప్రతిదానిపైనను ఎఱ్ఱగీత గీచినాడు గాని, గుంట ఒక్కటే అని చెప్పుటకు అరువదిమంది పిల్లల నడుమ అతనికి తీరిక దొరకి ఉండదు. లెక్కల మాస్టారిని తప్పుపట్టు అధికారము తెలుగు మాస్టారికి లేదు. ఛందస్సు చెప్పునప్పుడు నేనును ఎందరు పిల్లలను ఆ గుంటలోనే విడిచిపెట్టి ముందునకు సాగితినో!

బల్ల మీద ముందునాటి దినపత్రిక ఉండెను. దానినుండి ఒక కాగితము లాగి సరిగా రెండు మడతలు పెట్టి, “ఇదిగో సగం. దీనికి ఇంకో ముక్క చేరిస్తే పెరుగుతుందా, తగ్గుతుందా?” అంటిని.

“పెరుగుతుంది తాతయ్యా.”

“మరి నువ్వు వేసిన జవాబు ఐదింట రెండు వంతులు. అది సగం కంటే ఎక్కువా, తక్కువా?”

చాలసేపు కాగితము వంక చూచి, వ్రేళ్ళు మడచి, తెరచి, “అయ్యో, తక్కువే!” అని తానే నవ్వినది. పిదప ఇంకొక కాగితమును మూడు మడతలు పెట్టి, రెండింటిని మరల ఆరేసి గళ్ళు వచ్చునట్లు మడచి, ఒకదానిలో మూడు గళ్ళును మరొకదానిలో రెండు గళ్ళును లెక్కించి, ఆరింట అయిదు వంతులని తేల్చుకొనుటకు ఆమెకు పావుగంట కూడ పట్టలేదు. క.సా.గు. అని తరగతిలో వల్లించినది దీనినే అని అప్పుడు తెలిసినది. కాగితములు మడచి సంచిలో పెట్టుకొనుచు, తల యెత్తకయే ఒక మాట అడిగినది.

“అయితే నాకు పట్టుదల లేక కాదా, తాతయ్యా?”

ఈ లేఖను నాచేత వ్రాయించినది ఆ ప్రశ్నయే. ఆ పుస్తకకర్త దుర్మార్గుడు కాడు. ఉత్సాహవంతుడు, శైలియు చెడ్డది కాదు. అయితే ఆయన యెరిగిన రోగము ఒక్కటే. ఓటమి యెక్కడ కనబడినను దానికి మూలము సంకల్పబలము లేకపోవుట అని ఆయన నిదానము. నాడి చూడని వైద్యుడు ఊరందరికి ఒకే కషాయము పోసినచో, జ్వరము లేనివానికి కడుపులో మంట మాత్రము మిగులును. భిన్నములు కూడుట తెలియకపోవుట ఒక చిన్న లోటు. కాగితము మడచి పూడ్చదగినది. దానినే తన స్వభావములోని లోపమని నమ్మిన బిడ్డకు ఆ లోటు ఎవరికి చెప్పుకొనవలెనో కూడ తెలియదు. చెప్పుకొన్నచో తనకు పట్టుదల లేదని లోకమునకు తానే చాటుకొన్నట్లగును గదా! అందువలననే ఆ కాగితము సంచి అడుగున నాలుగు మడతలలో ఉండెను.

పెద్దవాడు ఇట్టి పుస్తకము చదువునప్పుడు సందర్భము వేరు. అతడు తన సంపాదనతో దానిని కొనును, నచ్చని అధ్యాయమును నవ్వి దాటవేయును, నచ్చిన సలహాను పాటించుటకు తన కాలమును, తన ధనమును, తన సాంగత్యమును కొంతవరకైనను మార్చుకొనగలడు. ఏడవ తరగతి పిల్లకు తనది అనదగిన గంట దినమున ఒక్కటైనను కలదా? ఉదయము నాలుగింటికి లేవుమని పుస్తకము చెప్పును. ఒంటిగది యింటిలో నాలుగింటికి దీపము వేసినచో రాత్రి పని చేసివచ్చి పండుకొన్న తండ్రికి నిద్ర చెడునని దానికి తెలియదు. ఉత్సాహవంతులతోనే చెలిమి చేయుమని చెప్పును. బెంచీ మీద ఎవరి ప్రక్కన కూర్చుండవలెనో నిర్ణయించునది హాజరుపట్టీ. లక్ష్యమును నీవే నిర్ణయించుకొనుమని చెప్పును. ఆరవ తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అని చేర్పించిన ఇంట ఆ నిర్ణయము బిడ్డకు మాటలు రాకమునుపే జరిగిపోయి ఉండును. ఆజ్ఞలు అన్నియు ఇతరులవై, ఫలితమునకు బాధ్యత మాత్రము బిడ్డదైనప్పుడు, ‘నీ గెలుపు నీ చేతిలోనే కలదు’ అను వాక్యము ధైర్యవచనముగా వినబడదు. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన మరునాటి పత్రికలను వణకు చేతులతో విప్పు అలవాటు మన రెండు తెలుగు రాష్ట్రములలోని ఉపాధ్యాయులకు ఎట్లు వచ్చినదో మీకు నేను చెప్పనక్కరలేదు. దానికంతటికి ఈ పుస్తకములే కారణమనుట అన్యాయము. మోయు బరువు పైన ఇంకొక రాయి అవి.

ఈ పుస్తకజాతి పుట్టుక కథ చూడదగినది. దీనికి నామకరణము చేసినవాడు శామ్యూల్ స్మైల్స్. స్కాట్లండున 1812లో జన్మించి, వైద్యము చదివి, దానిని విడిచి పత్రికాసంపాదకుడై, పిదప రైల్వే కంపెనీలో కార్యదర్శియైన ఆయన ‘సెల్ఫ్ హెల్ప్’ అను గ్రంథమును 1859లో ప్రకటించెను. డార్విన్ జీవజాతుల పుట్టుకను గూర్చిన గ్రంథము వెలువడినదియు ఆ సంవత్సరమే. స్మైల్స్ తన పీఠికలో ఆ గ్రంథము ఎట్లు పుట్టినదో చెప్పుకొన్నాడు. ఇంగ్లండు ఉత్తరభాగమున లీడ్స్ నగరములో కూలినాలి చేసికొను యువకులు ఇద్దరు ముగ్గురు, చలికాలపు రాత్రులలో ఒకచోట చేరి, తమకు వచ్చినది ఒకరికొకరు చెప్పుకొనవలెనని సంకల్పించిరి. తొలుత ఒక పేదయింటి గదిలో, వేసవి రాగా తోటలో ఆరుబయట, సంఖ్య పెరిగిన పిమ్మట, ఒకప్పుడు కలరా రోగులకు తాత్కాలికపు ఆసుపత్రిగా వాడిన కారణమున ఎవరును అద్దెకు తీసికొనని పాడుగదిలో వారి బడి సాగినది. కొంచెము చదువు వచ్చినవాడు రానివానికి నేర్పును; నేర్పుటలో తానును నేర్చును. నూరుమంది వరకు పోగైన ఆ యువకులు కోరగా స్మైల్స్ చేసిన ప్రసంగములే గ్రంథమునకు బీజములైనవి.

చూచితిరా! స్వయంసహాయమని లోకమున పేరుపడిన వస్తువు పరస్పరసహాయపు గదిలో పుట్టినది. ఆ గ్రంథము కూడ సూత్రముల పట్టిక కాదు, జీవితకథల పోగు. పింగాణీపూత రహస్యము కనుగొనుటకై కట్టెలు చాలక, ఇంటి బల్లలును తుదకు గోడ అరలును కొలిమిలో వేసిన పాలిస్సీ కథ వంటివి అందు నిండి ఉన్నవి. తన గ్రంథమునకు పెట్టిన పేరు తగినది కాదనియు, దానిని చూచి ఇది స్వార్థమును పొగడు గ్రంథమని కొందరు భ్రమించిరనియు స్మైల్స్ స్వయముగా తరువాతి ముద్రణలో వాపోయినాడు. డేల్ కార్నెగీ 1936లో ప్రకటించిన ప్రసిద్ధగ్రంథమునకును మూలము 1912 నుండి న్యూయార్కులో ఆయన పెద్దవారికి చెప్పిన రాత్రితరగతులే. అనగా ఈ శాఖ అంతయు పగలు పనిచేసి రాత్రి చదువుకొను వయోజనుల కొఱకు పుట్టినది. దానిని కురచ చేసి పిల్లలకు తొడుగుట నిన్నమొన్నటి వ్యాపారము. స్టీఫెన్ కోవీ ఏడు అలవాట్ల గ్రంథము 1989లో పెద్దలకు రాగా, అతని కుమారుడు 1998లో దానినే కౌమారవయస్కులకు కత్తిరించి యిచ్చినాడు. తండ్రి చొక్కా చేతులు మడచి బిడ్డకు తొడిగినట్లున్నది.

ఇంతవరకు చదివి మీలో ఒకరు నన్ను నిలదీయవచ్చును: ఓయీ పండితుడా, సుమతిశతకము నీవు వల్లెవేయింపలేదా, అది మాత్రము నీతిసూత్రముల పట్టిక కాదా అని. వల్లెవేయించితిని, ఒప్పుకొందును. కరణమును నమ్మరాదని ఏడేండ్ల పిల్లవాడు కంఠస్థము చేసి ఏమి చేసికొనును? వాని జన్మలో కరణము అగుపడునా? రాజసేవను గూర్చియు వేశ్యాసాంగత్యమును గూర్చియు ఆ శతకములో చెప్పిన హితవులు పిల్లలకు ఉద్దేశించినవి కానే కావు. అయినను ఆ పద్యములు పిల్లలకు చెరుపు చేయలేదనుటకు కారణము నాకు తోచినంతవరకు ఇది: బిడ్డ పద్యమును నడక కొఱకు, నోటిరుచి కొఱకు పట్టుకొనును, అర్థము నలుబదేండ్లకు ఏ వీధిమలుపులోనో తనంతట తాను కలియవచ్చును. ఆ నడుమ పద్యము వానిని పరీక్షింపదు. నేడు నన్ను పాటించితివా, టిక్కు పెట్టితివా అని అడుగదు.

బాలశిక్షణమును గూర్చి అంతకంటె లోతైన ఎరుక పంచతంత్రకర్తకు ఉండెను. అమరశక్తి మహారాజు కుమారులు ముగ్గురును చదువునకు లొంగని మొద్దులు. వారిని ఆరునెలలలో నీతికోవిదులను చేయుదునని విష్ణుశర్మ పూనుకొనెను. పూనుకొని, ‘రాకుమారులకు తగిన ఏడు అలవాట్లు’ అని ఉపన్యసింపలేదు. కాకిని, ఎలుకను, తాబేలును, లేడిని పిలుచుకొని వచ్చెను. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా తెనిగించిన మిత్రలాభమును తలచుకొనుడు. వలలో చిక్కిన పావురములు ఏ ఒక్కటియు ఒంటిగా తప్పించుకొనజాలక, అన్నియు ఒక్కుమ్మడి రెక్కలాడించి వలతో సహా ఎగిరిపోవును. ఎలుక చెలికాడు పండ్లతో త్రాళ్ళు కొరుకబోగా, పావురముల రేడు చిత్రగ్రీవుడు ముందు నావారి బంధములు కొరుకుమని తన వంతు వెనుకకు జరుపుకొనును. ఈ కథ వినిన బిడ్డను ఇందు నీతి యేమి అని అడుగకుడు, మీకు పుణ్యముండును. అడిగితిరా, పావురము చచ్చి సూత్రము మిగులును. బిడ్డ తనను పావురముగా భావించుకొనునో, ఎలుకగా భావించుకొనునో, వేటకానివైపు జాలిపడునో, ఆ స్వేచ్ఛ కథలో కలదు. ‘నీవు’ అని వ్రేలు చూపి పలుకు పుస్తకములో ఎటు తిరిగినను ఆ వ్రేలు తననే చూపుచుండును.

నేటి మనస్తత్త్వశాస్త్రజ్ఞులును ఇట్టి సంగతులను పరీక్షించి చూచిరి. కెనడాలో జోవన్ వుడ్ అను ఆచార్యురాలును ఆమె సహచరులును 2009లో ప్రకటించిన పరిశోధనలో, తమపై తమకు గౌరవము తక్కువగా ఉన్నవారిచేత నేను ప్రేమింపదగినవాడను అను వాక్యమును పలుమారులు అనిపింపగా, అట్లు అనని తమవంటివారికంటె వారి మనస్సు ఎక్కువ క్రుంగినదని తేలినది. పరీక్షకు వచ్చినవారు పిల్లలు కూడ కారు, విశ్వవిద్యాలయమున చదువు పెద్దవారు. మందు అక్కరలేనివానికి కొంచెము మేలు చేసి, అక్కర గలవానికి కీడు చేయు మందు అది. అమెరికాలో మ్యూలర్, డ్వెక్ అను ఇరువురు 1998లో అయిదవ తరగతి పిల్లలతో జరిపిన ప్రయోగములలో, నీవు తెలివిగలవాడవని పొగడ్త పొందిన పిల్లలు పిదప సులభమైన సమస్యలనే కోరుకొనిరి, ఓటమి ఎదురుకాగానే వెనుకంజ వేసిరి, కొందరు తమ మార్కులను దాచి హెచ్చుగా చెప్పుకొనిరి. శ్రమకు మెచ్చుకోలు పొందినవారు నిలదొక్కుకొనిరి. మార్కులు దాచుకొనుటను నేను చూచియే ఉన్నాను, సంచి అడుగున.

మరి పిల్లలకు ఈ జాతి పుస్తకము ఒక్కటియు పనికిరాదా? అట్లని నేను అనజాలను. అమెరికా మనస్తత్త్వవేత్తల సంఘము వారి బాలల ప్రచురణలలో డాన్ హ్యూబ్నర్ అను ఆమె దిగులుపడు పిల్లలకు వ్రాసిన చిన్న పుస్తకము ఒకటి, విదేశమున ఉన్న నా మనుమరాలి బల్లపై చూచితిని. ఆరు మొదలు పండ్రెండేండ్ల వరకు గల పిల్లలకు అది. గొప్ప మాట ఒక్కటియు అందు లేదు. టమాటా మొక్కకు ప్రతిదినము నీరు పోసి సాకినచో అది పెరిగి కాయలు కాయును గదా, దిగులును కూడ అట్లే నీరు పోసి పెంచుచున్నామని మొదలిడి, దిగులునకు దినమునకు ఒక చిన్న వేళ కేటాయించి, వేళ కాని వేళ వచ్చిన దిగులును మనస్సులోని పెట్టెలో పెట్టి మూత వేయుమని నేర్పును. బొమ్మలు గీయుటకు చోటు విడిచినది. అన్నిటికంటె ముఖ్యముగా, తల్లిదండ్రులు బిడ్డతో కలసి కూర్చుండి కొంచెము కొంచెముగా చదువవలెనని మొదటనే వారికి వేరుగా చెప్పినది. ఒక బాధను పేరుపెట్టి పిలిచి, దానికి చేయదగిన పనిని చూపి, ప్రక్కన ఒక పెద్దదిక్కును కూర్చుండబెట్టిన పుస్తకము అది. ఈత, చదరంగము, నత్తిని అదుపుచేసికొనుట, పద్దు వ్రాయుట, ఇట్టివి నేర్పు పుస్తకములు ఎన్నియైనను కొనుడు. పదునారు పదునేడేండ్లవారు తమంత తాము విజయగ్రంథమును అడిగినచో నిరభ్యంతరముగా ఇండు; వసతిగృహములో ఒంటరిగా ఉన్న రోజులలో అట్టి పుస్తకమొకటి తనను నిలబెట్టినదని నా శిష్యుడొకడు వ్రాసిన ఉత్తరము నా పెట్టెలో కలదు. దానిని కాదనుటకు నేనెవడను?

ఇక నా మనవి. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధములో ప్రతి పాఠశాలకును గ్రంథాలయము ఉండవలెననియు, అందు కథల పుస్తకములు కూడ ఉండవలెననియు స్పష్టముగా వ్రాసియున్నారు. శాసనము వ్రాయువారికి కథ గుర్తుండుట అరుదు గనుక నేను దీనిని మరవలేదు. ప్రచురణకర్తల పట్టికలో ‘బాలలకు’ అని అచ్చైనంత మాత్రమున పుస్తకమును కొనకుడు. ఒక ప్రతిని తెప్పించి, ఏ శాఖలోనైనను నలుగురు పిల్లలకు ఇచ్చి, వారు దానిని ఎన్ని పుటలు చదివి క్రింద పెట్టిరో చూడుడు. గెలుపు పుస్తకములను పెద్దల విభాగమునకు మార్పింపుడు. కావలసిన బిడ్డ అడిగి తీసికొనును. ఖాళీయైన అరలలో పెట్టుటకు మనకు కొదువ లేదు. గిజుభాయి గుజరాతీలో వ్రాసిన ‘పగటికల’లో అందలి మాస్టారు కథలు చెప్పి తరగతిని లోబరచుకొనిన తీరు ఉపాధ్యాయులు చదువవలెను, జపాను బాలిక తొత్తోచాన్ బడికథ ‘రైలుబడి’గా తెలుగున ఉన్నది, పిల్లలు చదువవలెను. పుస్తకములను పడవకెక్కించి కృష్ణా కాలువల వెంబడి త్రిప్పిన పాతూరి నాగభూషణంగారి వారసులు మీరు. పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేయుటతో పని తీరదని మీకు నేను చెప్పుట దుస్సాహసము. సాయంత్రము ఒక గంట, ఊరిలోని విశ్రాంత ఉపాధ్యాయులను పిలిచి, పిల్లల విభాగములో కూర్చుండుడని అడుగుడు. జీతమడుగరు, పాత దినపత్రికలు నాలుగు మడచుకొననిచ్చిన చాలును.

ఆ అమ్మాయి మొన్న పుస్తకము తిరిగి ఇచ్చివేసినది. గ్రంథపాలకుడు మంచివాడు, పిల్లకు ఇంకేమి ఇమ్మందురు మాస్టారూ అని నన్ను అడిగి, తానే వెదకబోయెను. బీరువాలో క్రింది అర వెనుక, 1947 నుండి లక్షలాది తెలుగు పిల్లలు చదివిన చందమామ సంచికలు, పాతవి రెండు కట్టలు, అట్టలు ఊడి, పురికొసతో బిగించి, గోడవైపు త్రోసి ఉన్నవి. బైండింగునకు నిధులు మంజూరు కానందున వానిని ఎవరికిని ఇచ్చుటకు వీలులేదట. కొత్తగా వచ్చిన విజయగ్రంథములకు మాత్రము ప్లాస్టికు అట్టలు వేయించినారు. ఆ అమ్మాయి గచ్చు మీద మోకరించి, పురికొస సందులోనుండి పైసంచిక అంచును వ్రేలితో ఎత్తి, ఎంత కనబడిన అంత బొమ్మ చూచుచుండెను. ఆ కట్టలు విప్పించుటకు ఎవరి సంతకము కావలెనో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు